ఎర్ర స్విచ్చి

అనంతగిరి,
14-10-2005

సత్యకుమారికి,

ఇక్కడ నేను, మీ నాన్న, మేకలు, కోళ్లు అందరం క్షేమం. నువ్వూ అక్కడ క్షేమంగా ఉన్నావని, నర్సు ట్రైనింగులో సూది వేసేటప్పుడు నీ చెయ్యి వణకడం తగ్గిందని తలుస్తాను. పైన రాసిన మొదటి వాక్యంలో ఒక మాట పూర్తిగా నిజం కాదు. ఏ మాటో ఉత్తరం అయ్యేలోపు చెప్తాను. ఇప్పుడే చెప్పమంటే కలం కదలడం లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఎర్ర మేక ఈనింది, రెండు పిల్లలు. వంటింటి పెంకులు సర్దాను, ఇప్పుడు కారడం లేదు. కాఫీ ఈసారి బాగా కాసింది, చింతచెట్టు వైపు పండ్లు అప్పుడే రంగు తిరుగుతున్నాయి.

మిషను సంగతి అడిగావు. సీలేరు వేలంలో కొన్న ఇనుము కోసే మన పాత మిల్లింగ్ మిషనుకి మూడు మోటార్లూ బిగించేశాను. చేత్తో తిప్పే చక్రాలను ఇప్పుడు నువ్వు విశాఖ నుంచి పంపిన పాత కంప్యూటరే తిప్పుతోంది. కాఫీ పండు తోలు తీసే పల్పర్లలో ఇనప పళ్లేలు అరిగిపోతే ఇదివరకు ఘాటీ దిగి మోసుకుపోయేవాళ్లం కదా, ఆ పళ్లేల మీది గాడులు ఇక్కడే కోస్తున్నాను. మొదటిసారి పళ్లెం బిగించే బల్ల దానంతటదే జరిగి, ఆగి, వెనక్కి వచ్చేసరికి మీ నాన్న గుమ్మం అవతలికి గెంతాడు. "ఓరల్లుడా, దీనికేటి దెయ్యం పట్టిందా?" అన్నాడు. ఆ రోజు కడుపుబ్బ నవ్వాను. ఇప్పుడు నాకూ భయంగానే ఉంది సత్యా. పది రోజులు షెడ్డు తలుపు తియ్యలేదు.

నాన్న ఫోనుకి ఎందుకు రావడం లేదని రెండుసార్లు రాశావు. ఎర్ర స్విచ్చి బాగా పనిచేస్తోందా అని ఒకసారి రాశావు. రెండిటికీ జవాబు ఒకటే. చెబుదామని బూత్‌కి వెళ్లి మీ హాస్టలుకి ఫోను చేశాను కూడా. "ఎవరు కావాలి?" అని ఎవరో ఆవిడ అడగ్గానే పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

మనింటి పద్ధతి నీకు తెలుసు. కరెంటు పోతే మిషను స్విచ్చి ఆపం. అలాగే ఉంచి తోటలోకి పోతాం. మిషను చప్పుడు వినపడగానే కరెంటు వచ్చిందని పరుగెత్తుకొస్తాం. ఇంకో పద్ధతి నేను పెట్టిందే. మిషను మీద ఇనప పొట్టు కరెంటు పోయినప్పుడే తుడవాలని మీ నాన్నకి నేర్పాను. చేత్తో తిప్పే రోజుల్లో తుడిచేలోపు కరెంటు వచ్చినా కత్తి ఉన్నచోటే తిరిగేది. బల్ల వెళ్లి దాని కిందికి దూరేది కాదు.

ఈ నెల రెండో తారీకున పళ్లెం సగం కోస్తుండగా కరెంటు పోయింది. నేను మేకకి ఆకు కొయ్యడానికి పెరట్లోకి పోయాను. కంప్యూటరు మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. మోటార్లు ఆగిపోయాయని దానికి తెలీదు, తన పాటికి తను వాటికి జరగమని చెప్పుకుంటూ పోతోంది. మీ నాన్న నేను నేర్పినట్టే తువ్వాలు పట్టుకుని పొట్టు తుడవబోయాడు. అప్పుడొచ్చింది కరెంటు. చప్పుడు విని నేను సంతోషంగా పరుగెత్తాను.

తువ్వాలు కత్తికి చుట్టుకుంది. బల్ల కదిలి ఆయన కుడి చేతిని కత్తి కిందికి లాక్కుపోతోంది. మెయిన్ లాగేశాను. ఆసుపత్రిలో అరచేతికి పదకొండు కుట్లు వేశారు. వేళ్లన్నీ ఉన్నాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రం వంగడం లేదు. వంగుతాయో లేదో నెల పోతేగాని చెప్పలేమన్నారు. కాఫీ పండ్ల కోతకి నెల కూడా లేదు.

ఎర్ర స్విచ్చి ఉంటే ఇది జరిగేది కాదు. కరెంటు ఒకసారి పోతే, మనిషి వచ్చి పక్కనున్న పచ్చ మీట నొక్కేదాకా ఏదీ కదలనివ్వదని నువ్వే కనుక్కుని తెచ్చావు. బిగించేశానని పోయిన నెల నీకు రాశాను. అది అబద్ధం. డబ్బా కూడా విప్పలేదు. అది పెడితే కరెంటు వచ్చిన చప్పుడు వినపడదు, పని పోతుంది అనుకున్నాను. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది.

"గుంటకి సెప్పకు, దానికి పరీచ్చలున్నాయి" అని మీ నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒక్క మాట కూడా అనలేదు నన్ను. తిడితే బాగుండును. పొద్దున్న ఆయన దగ్గర కూర్చుని, "ఇంక దాచలేను మావా, ఒట్టు తీసెయ్" అన్నాను. "రాయి" అన్నాడు.

నిన్న షెడ్డు తీసి స్విచ్చి బిగించాను. మెయిన్ పదిసార్లు ఆపి పదిసార్లు వేశాను. ఒక్కసారీ మిషను కదల్లేదు. కాని బిగించానని ఇంతకుముందూ రాశాను కదా. ఇప్పుడు నువ్వెందుకు నమ్మాలి? ఇంక నా మాటేదీ నమ్మవేమోనని భయంగా ఉంది. ఆ భయం మిషను భయంకన్నా ఎక్కువ.

అందుకే మీ నాన్నని సాక్షిగా వేలిముద్ర వెయ్యమన్నాను. ఎప్పట్లా ఎడమ బొటనవేలికి సిరా రాయబోతే చెయ్యి లాగేసుకున్నాడు. కట్టు కట్టిన కుడి చెయ్యి ముందుకి పెట్టి, "దీనికి రాయి. నా ఏలు ఉన్నాదని గుంటకి తెలుత్తాది" అన్నాడు.

ముద్ర కొంచెం చెదిరింది. అది నేను సరిగ్గా పట్టుకోలేక. ఆయన బొటనవేలు బాగానే ఉంది.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన నీ మొగుడు,
ధనరాజు

పక్కన మీ నాన్న బుధు కుడి బొటనవేలి ముద్ర.