పరీక్షకుల జాబితాలో మొదటి పేరు

గుంటూరు

గ్రాంటు విభాగం అధికారి గారికి నమస్కారాలు.

మిర్చి తొడిమలు తీసే మా యంత్రానికి పరిశోధన గ్రాంటు మంజూరైందన్న మీ ఉత్తరం నిన్న అందింది. దరఖాస్తు పెట్టి రెండేళ్లయినా గుర్తుపెట్టుకున్నందుకు కృతజ్ఞతలు. దరఖాస్తులో రాసిన ఐదుగురు కూలీలే యంత్రాన్ని వాడి చూడాలని, ఎవరి పేరైనా మారిస్తే కారణం తెలపాలని అందులో ఉంది.

మొదటి పేరు, పున్నమ్మ, మార్చాలి. ఆవిడ పోయిన నెల చనిపోయింది. ఆ స్థానంలో లిడియా అని రాసుకోండి.

పీట మీద కూర్చున్న పున్నమ్మ చేతికి అందే ఎత్తు కొలిచి, కాయలు పోసే చోటు పెట్టాను. లిడియా పొడవు మనిషి. యంత్రం కింద రెండు ఇటుకలు పెడతాను గానీ, ఆ కొలత మార్చమంటే మాత్రం నావల్ల కాదండి.

దరఖాస్తులో దాచిన మాట ఒకటుంది. పున్నమ్మ మా అమ్మ. సొంత మనుషుల పేర్లు రాయకూడదేమోనని భయపడి చెప్పలేదు.

ఇరవై ఏళ్లు కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీసింది. అరచేతుల్లో కారం ఉంటుందని చిన్నప్పటి నుంచీ నన్ను వేళ్ల వెనకవైపుతోనే నిమిరేది. ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ ఒక్క కాయ కూడా ముట్టలేదు.

"ఇప్పుడు కారం లేదు కదమ్మా, చెయ్యి ఇటు తిప్పు" అన్నాను చివరి రోజున.

"వద్దులేవే, కళ్లు మండుతాయి" అని, ఎప్పటిలాగే వేళ్ల వెనకవైపు నా బుగ్గకి ఆనించింది.

కారణం ఇంతకంటే వివరంగా రాయలేను.

ఇట్లు,
దరఖాస్తుదారు