ఆశ్లేషవాడికి నోటి గండం

రేపల్లె,
2 జులై 1967

మహారాజశ్రీ పాండురంగారావు గారి సముఖానికి,

రేపల్లె స్టేషన్ రోడ్డులో గొడుగులు అమ్మే, బాగుచేసే రామకోటి చేతులెత్తి రాసుకునేది ఏంటంటే, ఇక్కడ నేను క్షేమం, కొట్టు క్షేమం, మా ఆవిడ ఇక్కడ లేదు. తెనాలిలో మీరు క్షేమంగా ఉండాలి. ఎందుకంటే మీకేమన్నా అయితే సీరియల్ ఆగిపోద్ది.

మీ జానపద సీరియల్ నెలనెలా వదలకుండా చదువుతానండి. ఈ నెల భాగంలో ఋషి రాకుమారుడితో ఏమన్నాడు? "నాయనా, ఆశ్లేషలో పుట్టావు. నీకు నోటి గండం ఉంది. అది దాటావా, పోయిన నీ భార్య తిరిగొస్తుంది" అన్నాడు. చదివేసరికి చేతిలో గొడుగు జారి కాలి మీద పడింది. నాదీ ఆశ్లేషే! నా భార్యా పోయింది! అంటే పైకి పోలేదండి, బాపట్ల పోయింది. పుట్టింటికి.

కారణం నా నోరే. మా బావమరిది కోటేశు మీ తెనాలిలోనే ఏదో అచ్చాఫీసులో అక్షరాలు పేరుస్తాడు. బుద్ధిమంతుడు. వాడికో సంబంధం వచ్చి, పిల్ల తరఫువాళ్ళు భట్టిప్రోలు నుంచి బాపట్ల వచ్చారు. నేను ఊరుకోవచ్చుగా! "మావాడు బంగారమండి. నిద్రలో లేచి నడుస్తాడుగానీ, ఎంత దూరం పోయినా మళ్ళీ వచ్చి మన మంచం మీదే పడుకుంటాడు" అన్నా. పొగిడానండి! వాళ్ళు కాఫీ గ్లాసులు అట్టాగే దించి లేచిపోయారు. మా ఆవిడ శివపార్వతి నా వంక చూసి, "మీ నోటికి తాళం పడ్డాకే నేను మళ్ళీ రేపల్లెలో దిగేది" అంది.

ఇంటికెళ్తే పలికే దిక్కు లేదు. గోడలకి చెప్పుకుంటున్నా. అవీ విసుక్కుంటున్నట్టున్నాయి.

ఋషిగారితో రోజూ మాట్లాడేది మీరు కాబట్టి అడుగుతున్నా. ఆ గండం దాటే ఉపాయం చెప్పి పుణ్యం కట్టుకోండి.

మీ కథకు రుణపడ్డ,
గొడుగుల రామకోటి

తా.క.: ఋషి వానాకాలం కూడా చెట్టుకిందే ఉంటున్నాడు. బొమ్మలో పెట్టిస్తానంటే గొడుగొకటి ఉచితంగా పంపుతా.


తెనాలి,
9 జులై 1967

శ్రీ రామకోటి గారికి,

నమస్కారం. మీ దస్తూరి వానకు చెదిరిన చీమలబారులా ఉంది. అయినా అభిమానం అర్థమైంది. ఇన్నేళ్ళుగా ఎందరో ఋషుల చేత జోస్యాలు చెప్పించాను. ఒక్క పాఠకుడూ ఉపాయం అడగలేదు. కళ్ళు చెమర్చాయండి.

ఆ గండం ఉన్నవాళ్ళు లోతు తెలియకుండా దిగకూడదు. తప్పనిసరైతే మోకాళ్ళ దాకా చాలు. గట్టు మీద ఒక మనిషి ఉండాలి, మీరు కొట్టుకుపోతుంటే చొక్కా పట్టి లాగడానికి. ఉద్ధృతి ఎక్కువగా ఉంటే అసలు వద్దు. నలుగురు ఆడవాళ్ళున్న రేవులో దిగడం గండం సంగతి అటుంచి మర్యాద కూడా కాదు.

విధి ఉందంటారు. ఉంటే ఉండనివ్వండి. మన జాగ్రత్త మనది.

భవదీయుడు,
పాండురంగారావు

తా.క.: ఋషికి గొడుగు వద్దు. నాకు పంపండి, నాది పోయింది.


రేపల్లె,
30 జులై 1967

గురువుగారైన పాండురంగారావు గారి పాదాలకు,

మీరు మనిషి కాదండి! గొడుగు పంపుతున్నా. నల్లది, వంకీ కర్ర పిడి.

మీరు చెప్పినట్టే చేస్తున్నా. మోకాళ్ళ దాకా అంటే విడతకి నాలుగు మాటలని తేల్చుకున్నా. గట్టున మనిషి అంటే పక్కన సైకిల్ కొట్టు యాకోబుని పెట్టా. నాలుగు దాటితే చొక్కా పట్టి లాగుతున్నాడు. రెండు చొక్కాలు చిరిగాయి. "బావా, ఇంత సుఖం నా బతుకులో ఎరగను" అంటున్నాడు. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు కూర్చుంటే నా రేవు మార్చుకుని వెనక సందులోంచి పోతున్నా.

వింతేంటంటే బేరం పెరిగింది. గొడుగు ఎంతంటారు. చెబుతా. తగ్గించమంటారు. నేను ఊరుకుంటా. మళ్ళీ అడుగుతారు. ఊరుకుంటా. చివరికి వాళ్ళే సిగ్గుపడి ఇచ్చేసి పోతున్నారు. యాకోబు వాళ్ళమ్మ ఏసమ్మ మాత్రం నాకు పక్షవాతం అనుకుని ఏదో నూనె తెచ్చి దవడకి రాసిపోయింది. వద్దని చెప్పడానికి నాకు మాటలు మిగల్లేదు.

ఇంకొంచెం ధైర్యం చిక్కాక బాపట్ల పోయి మా ఆవిణ్ణి అడుగుతా.

మీ శిష్యుడు,
రామకోటి

తా.క.: కల్లో నాలుగు దాటితే లెక్కకొస్తుందా? కల్లో గట్టున ఎవరూ ఉండటం లేదు.


తెనాలి,
6 ఆగస్టు 1967

రామకోటి గారికి,

కొంప మునిగింది. నవ్వకుండా చదవండి.

మీ ఉత్తరంలో గట్టు, రేవు, చొక్కా అన్నీ ఉన్నాయిగానీ నీళ్ళు లేవు. అనుమానమొచ్చి పత్రిక తీశాను. అచ్చయిన నా రచన నేను చదవను, మనసు పాడవుతుంది. చూద్దును కదా, నేను రాసింది "నీటి గండం"! గుడిదీర్ఘం పోయి ఓత్వం పడింది. "నోటి గండం" అయి కూర్చుంది. మీ దస్తూరిలోనూ నాకది నీటిగానే కనబడింది. నేను మీకు చెప్పిన జాగ్రత్తలన్నీ ఏటికి!

మీ నోటికి ఏ గండమూ లేదు. హాయిగా మాట్లాడుకోండి. వచ్చే నెల సవరణ వేయిస్తున్నాను. పేర్చినవాడెవడో కనుక్కుని పనిలోంచి తీసేస్తానని ప్రెస్సు యజమాని ఎగురుతున్నాడు. ఇక్కడ నా బాధ నాది. తరవాతి భాగంలో రాకుమారుణ్ణి ఏట్లో పడేసి ఉంచాను. నోటి గండమున్నవాడు నీళ్ళలో పోతే ఋషి పరువేం కాను?

క్షమించమని వేడుకునే,
పాండురంగారావు

తా.క.: మీరు మాత్రం కాలవల దగ్గరికి పోకండి. ఆశ్లేష ఆశ్లేషే కదా.


రేపల్లె,
20 ఆగస్టు 1967

గురువుగారికి, వెయ్యి దండాలు,

దయుంచి సవరణ వేయించకండి! ఇప్పటికే అచ్చయితే కాగితాల మీద నా గొడుగులన్నీ కప్పి దాచండి!

మీ ఉత్తరం రాకముందే నేను బయల్దేరాను. ముందు భట్టిప్రోలు పోయి పిల్ల తండ్రి జనార్దనరావుగారి ముందు నిలబడ్డా. "తప్పు నాది, పిల్లాడిది కాదు" అన్నా. నాలుగు మాటలయ్యాయి. ఇంక నోరు మూసుకున్నా. ఆయన చూశాడు. నేనూ చూశా. చాలాసేపటికి ఆయనే తల వంచుకుని, "మీదేం తప్పులేదు బాబూ. మా అమ్మాయికీ నిద్రలో నడక ఉంది. మీకు తెలిసిపోయి ఎకసెక్కం చేశారనుకుని లేచొచ్చాం" అన్నాడు! నేను మాట్లాడుంటే ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేదా? ముహూర్తం పెట్టుకుంటున్నారు. ఇద్దరూ నడిస్తే నడిచారు, తోడన్నా ఉంటారు.

అక్కణ్ణించి బాపట్ల. మా అత్తగారు హనుమాయమ్మ తిట్టినన్నీ తిట్టింది. తలొంచుకుని నిలబడ్డా. శివపార్వతి తలుపు వెనకనించి వచ్చి, "ఏమన్నా చెప్పండి" అంది. "నువ్వు లేకపోతే తోచట్లేదు" అన్నా. అవి మూడే మాటలండి, ఒకటి మిగిల్చా. తను లోపలికెళ్ళి పెట్టె సర్దుకుంది.

కర్లపాలెం దాటాక బస్సులో చెప్పింది. తనూ మీ సీరియల్ చదువుద్దట. రాకుమారుడిది ఆశ్లేషని ముందు నెలే తెలిసి, వాళ్ళ తమ్ముడికి కబురు చేసిందట: "మీ బావ మన మాట వినడు, ఋషి మాట వింటాడు." మీ కాగితాలు పేర్చేది మా కోటేశే! అది అచ్చుతప్పు కాదండి, మా ఆవిడ నా తలరాత మార్చిన రాత.

నాకు కోపం రాలేదు. ఒకటి మాత్రం ఆలోచించా. గండం మీరు రాశారు, ఋషి పలికాడు, బావమరిది మార్చాడు, పెళ్ళాం మార్పించింది. అందరూ కలిసినా, నోరు మూసుకున్నది నేనే కదండి! ఆ పని విధి కూడా నా బదులు చెయ్యలేదుగా.

యజమానిగారు గట్టిగా అడిగితే కోటేశు నిద్రలో పేర్చానంటాడట. నేను సాక్ష్యం చెప్పాలట. ఆ ఒక్కసారికీ ఎంతైనా మాట్లాడుకోమంది మా ఆవిడ. మీరూ ఒక మాట సాయం చెయ్యండి.

ఇక మీ రాకుమారుడు. ఏట్లో పడ్డవాడు ఎట్టా బతుకుతాడండి? నోరు మూసుకుంటేనే! తెరిస్తే నీళ్ళు మింగి పోతాడు. మీ గండమూ మా గండమూ ఒకటే. ఋషి పరువు నిలబడింది, రాయండి.

మీ మేలు మరవని,
రామకోటి, శివపార్వతి

తా.క.: నీటి గండమూ తీరింది. బస్సు దిగేసరికి కుండపోత. గొడుగుల రామకోటి దగ్గర గొడుగు లేదు. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. ఆమె నవ్వింది. నేనేమీ అనలేదు.

మళ్ళీ తా.క.: అయ్యా, శివపార్వతి రాసుకునేది. ఈయన నోరు మూసినప్పట్నించీ మాటలన్నీ ఉత్తరాల్లోకి దిగుతున్నాయి. కొట్లో పోస్టుకార్డులు అయిపోయాయి. వచ్చే నెల ఋషిగారి చేత "చేతి గండం" కూడా చెప్పించండి. ఈసారి మా తమ్ముణ్ణి మార్చొద్దంటాను.