బండి ఆగిన చోటు

రేణిగుంట,
జూన్ 2009.

చిరంజీవి నవీనకు నాయన దీవెనలు. పాల్‌కూ, మహితకూ కూడా.

ఇక్కడ నేనూ మీ అమ్మా వేళకింత తిని, లేచి తిరుగుతున్నాం. మీరు ముగ్గురూ కొత్త ఊళ్లో కుదురుకున్నారని తెలిశాక నాకు కాస్త నిద్ర పడుతోంది. ఆ ఊరి పేరు ఈ ఉత్తరంలో ఎక్కడా రాయను. ఏమీ అనుకోవద్దు.

నీ ఉత్తరం తమ ఇంటికి వచ్చిన రోజే పెంచలయ్య భార్య సంతోషమ్మ కూరగాయల సంచిలో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. మా ట్రావెల్స్‌లో నాతోపాటు బండి నడిపిన పెంచలయ్య నీకు గుర్తుండే ఉంటాడు, చిన్నప్పుడు నిన్ను కొండకు తీసుకుపోయినవాడే. ఇకమీదట వాళ్లింటికి కూడా రాయొద్దు. ఎందుకో చెబుతాను.

మీ అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు పర్వాలేదంటుంది. నూనె రాస్తానంటే వద్దంటుంది, తనే రాసుకుంటుంది. పాప పుస్తకం తిరగేసి పట్టుకుని చదువుతోందని రాశావు. నువ్వూ అట్లాగే చేసేదానివి. పాల్‌కు వడ్రంగి షెడ్డులో పని దొరికినందుకు సంతోషం. ఆ కుర్రాడు చేతిపని ఉన్నవాడు, ఎక్కడైనా బతుకుతాడు.

ఇక నువ్వు అడిగిన పెద్ద ప్రశ్నలు మూడు. ఇన్ని నెలలుగా ఎందుకు రాలేదు నాయనా అన్నావు. ఉన్నపళంగా కోలారు వదిలి పొమ్మని కార్డు ఎందుకు రాశావన్నావు. మీరు కోలారులో ఉండగా ఇల్లు అద్దెకుందా అని వచ్చి, మంచినీళ్లు తాగి, పాప పేరు అడిగిపోయిన మనిషి ఎవరని అడిగావు. మూడింటికీ జవాబు ఒకటేనమ్మా. నిదానంగా చదువు.

పోయిన ఏడాది బ్రహ్మోత్సవాలప్పుడు మా ఓనరు సుమో ఒకదాన్ని యాత్రికుల సామాన్లతో సహా ఎవరో ఎత్తుకుపోయారు. బండి దొరికింది గానీ ఆయనకు భయం పట్టుకుంది. మద్రాసు నుంచి మనుషులను పిలిపించి అన్ని బండ్లకూ జీపీఎస్ పెట్టించాడు. సబ్బుపెట్టె అంత డబ్బా, స్టీరింగు కింద లోపలెక్కడో బిగించారు. బండి ఎక్కడుందో, ఎంత వేగంగా పోతోందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో ఆఫీసు కంప్యూటర్లో కనిపిస్తుంది. మమ్మల్నందరినీ షెడ్డులో నిలబెట్టి ఓనరు ఒకే మాట చెప్పాడు. "నేను చూసేది మిమ్మల్ని కాదప్పా, బండిని చూస్తా ఉండా." మాకూ అందులో తప్పు కనిపించలేదు. బండి ఆయనది.

మొదట దెబ్బ తగిలింది పెంచలయ్యకు. వాడికి షుగరు ఉన్నట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు. బెంగుళూరు పోతే దారిలో ఏడెనిమిది చోట్ల దిగాల్సి వచ్చేది పాపం. కంప్యూటర్లో ఆ ఆగడాలన్నీ చుక్కలై కనిపించాయి. ఒకరోజు ఓనరు పిలిచి, అందరి ముందూ, నీకు షుగరా అని అడిగాడు. పెంచలయ్య తల వంచుకున్నాడు. ఆ రోజు నుంచి వాడికి దూరం బాడుగలు లేవు, స్టేషను నుంచి కొండ కిందికి తోలడమే. ఓనరు చెడ్డవాడు కాదు, యాత్రికుల ప్రాణాలు చూసుకోవాలి కదా అన్నాడు. అది నిజమే. కానీ ఇరవై ఏళ్లుగా దాచుకున్న ఒంటి సంగతి బండి వెళ్లి చెప్పేసిందని వాడు షెడ్డు వెనక కూర్చుని ఏడ్చాడు.

అది చూసైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. బెంగుళూరులో మనుషులను దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు కోలారులో మీ సందులో బండి ఆపడం మానలేదు. పాప ఆ బండిని తాత కారు అంటూ వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చేది. దానికోసమే బాడుగ దొరకాలని దేవుడికి మొక్కుకునేవాణ్ణి. ఆఫీసు ఇచ్చిన సెల్లులో మాత్రం ఏనాడూ నీకు ఫోను చేయలేదు. ఏ నంబరుకు చేశామో బిల్లులో వస్తుంది, ఆ బిల్లు ఓనరు బల్ల మీదికి పోతుంది. ఫోను చెబుతుందని తెలిసినవాణ్ణి, బండి చెబుతుందని ఎందుకు ఆలోచించలేదో నాకే తెలియదు.

ఆ కంప్యూటరు ముందు కూర్చునేది రూపేషేనమ్మా. తిరుమలయ్య మామ కొడుకు.

వాడికి నిన్ను ఇవ్వాలని మీ అమ్మా, మామా నీ చిన్నప్పుడే అనుకున్నది నీకు తెలుసు. నువ్వు పాల్‌తో వెళ్లిపోయాక సొంతూరు పూతలపట్టులో మామ తలెత్తుకుని తిరగలేకపోయానని ఇప్పటికీ అంటాడు. రూపేష్‌ను ఆ ఆఫీసులో పెట్టించింది నేనే. బావమరిది కోపం కొంచెం తగ్గుతుందేమోనని ఓనరు కాళ్లావేళ్లా పడి పెట్టించాను. వాడు నెమ్మదస్తుడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

సంక్రాంతి పోయాక ఒకరోజు తాళాలు ఇవ్వడానికి ఆఫీసులోకి పోతే, వాడు కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"కోలార్లో కాఫీ బాగుంటాదా మామా?"

ఏదో బాగుంటుందన్నాను. వాడు తల ఊపాడు, అంతే. బయటికొచ్చి బండికి ఆనుకుని నిలబడ్డాను.

ఆ తరువాతి ఆదివారం తిరుమలయ్య మనింటికి భోజనానికి వచ్చాడు. ఆరేళ్లుగా మా గడప తొక్కని మనిషి. మీ అమ్మ సంతోషపడి ఉలవచారు చేసింది. తింటూ తింటూ, ఈ కాలంలో ఇంటి గేటుకు పచ్చరంగు వేసి, మల్లెతీగ పాకించడం ఎక్కువైపోయిందన్నాడు. ఒక ఊళ్లో అట్లాంటి ఇంట్లో నాలుగేళ్ల పాపను చూశారట ఎవరో, ముద్దుగా ఉందన్నారట. ఇదంతా నా వైపే చూస్తూ చెప్పాడు. తరువాత మజ్జిగ పోయించుకుని తాగి, చేయి కడుక్కుని వెళ్లాడు. మీ ఇంటికొచ్చి నీళ్లు తాగిపోయినవాడు వాళ్లు పంపిన మనిషే తల్లీ.

మీ అమ్మకు కోలారు సంగతి ఏమీ తెలియదనుకున్నాను. తమ్ముడు వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడింది. లోపలికొచ్చి ఎంగిలాకు తీస్తూ, ఆరేళ్ల తరువాత మొదటిసారి నీ పేరు పలికింది. "నవీనను ఆడినుంచి పంపించెయ్. ఈ పొద్దే రాయి." ఆ సాయంత్రమే కార్డు రాశాను. నువ్వు ఎదురు ప్రశ్న వేయకుండా సామాను సర్దుకున్నావు. అందుకు నీకు దండం పెట్టాలి.

ఇక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. ఇకమీద రాసేది నీకు చెప్పకూడదనే అనుకున్నాను. రెండు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను.

మీరు కోలారు వదిలాక నేను దారిలో ఎక్కడా ఆగడం మానేశాను. పదిహేను రోజులు కాలేదు, రూపేష్ అడిగాడు, ఏం మామా, ఈ మధ్య యాడా ఆగేదే లేదే అని. వీళ్లు వెతుకుతున్నారని అర్థమైంది. ఇంకో వైపు నుంచి వెతకడం మొదలుపెడితే మీ కొత్త ఊరు పట్టుకుంటారని భయం వేసింది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. బండి ఎక్కడ ఆగితే అక్కడే నువ్వున్నావని కదా వాళ్ల నమ్మకం. అట్లాగే నమ్మనీ అనుకున్నాను.

కోలారుకు ఇవతల, ముళబాగిలులో చర్చి పక్కన ఒక సందు ఉంది. చర్చి దగ్గరైతే పాల్ అక్కడే ఉంటాడని నమ్ముతారని దాన్నే ఎంచుకున్నాను. వచ్చేటప్పుడల్లా ఆ సందులో బండి నిలిపి, ఎదురుగా టీ తాగుతూ, మీ ఇంట్లో ఎంతసేపు కూర్చునేవాణ్ణో అంతసేపు కూర్చుని లేచేవాణ్ణి. ఎంత తెలివైనవాణ్ణోనని లోలోపల నవ్వుకున్నాను కూడా. ఆ సందులో ఇళ్లున్నాయని, ఇళ్లలో మనుషులుంటారని నాకు తట్టలేదు నవీనా. నిజంగా తట్టలేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే ఆగితే టీ అంగడి ఆమె చెప్పింది. ముందువారం ఆంధ్రా బండిలో ఎవరో వచ్చారట. నా బండి ఆగే చోటికి ఎదురింట్లో ఒక కుర్రాడూ, భార్యా, చిన్నపిల్లా ఉంటారు. తలుపు తీసిన కుర్రాణ్ణి పేరడిగారు. యేసుదాసు అన్నాడు. అంతే, వీధిలోకి ఈడ్చుకొచ్చి కొట్టారు. అతని భార్య అరుచుకుంటూ బయటికొచ్చాక, బండిలో కూర్చున్న పెద్దమనిషి ఆమె ముఖం చూసి, ఈ పిల్ల కాదన్నాడట. ఎక్కి వెళ్లిపోయారు. ఆ పెద్దమనిషి తెల్లచొక్కా, బట్టతల, చెవి మీద మచ్చ. మీ మామే.

నేను టీ గ్లాసు కింద పెట్టి ఆ ఇంటికి పోయాను. కుర్రాడు మంచం మీద ఉన్నాడు. కుడిచేయి రెండు చోట్ల విరిగింది, కన్ను ఇంకా వాచే ఉంది. ఇస్త్రీ బండి నడుపుకుంటాడట. ఎవరు కావాలని అతని భార్య అడిగితే, దాహంగా ఉందన్నాను. నీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను. మీ ఇంటికొచ్చి నీళ్లు తాగిపోయినవాడికీ నాకూ తేడా ఏముందని దారి పొడుగునా అదే ఆలోచన.

మళ్లీ బాడుగ వచ్చేదాకా ఉండలేక రెండో రోజే బస్సెక్కి పోయాను. వాళ్లిద్దరి ఎదుటా కూర్చుని అంతా చెప్పాను. నా కూతురి సంగతి, డబ్బా సంగతి, ఆ సందు ఎందుకు ఎంచుకున్నానో కూడా. కుర్రాడు గోడవైపు తిరిగాడు. ఆ పిల్ల తిడుతుందనుకున్నాను, చెప్పు తీస్తుందనుకున్నాను. పాపను ఒళ్లోకి తీసుకుని ఒకటే అడిగింది.

"వాళ్లు మళ్లా వస్తారా నాయనా?"

ఆమె నన్ను నాయనా అని పిలిచినందుకు తలెత్తలేకపోయాను.

ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు పోయి, కొట్టించినవాడు నా భార్య తమ్ముడేనని పేరు, ఊరుతో సహా రాయించాను. మీ అమ్మకు చెప్పే చేశాను. ఆమె వద్దనలేదు. తిరుమలయ్యను పిలిపించారు. చిత్తూరు నుంచి వకీలును తీసుకుపోయి, మేనకోడలు కనిపించక వెతుకుతూ పొరబడ్డామని చెప్పి సాయంత్రానికి ఇంటికొచ్చాడు. కేసు ఉందో లేదో నాకు తెలియదు. ఎస్సై అడిగాడని, నా బండి ఎక్కడెక్కడ ఆగిందో ఎవరెవరికి చూపించారో చెప్పమని ఓనరును అడిగాను. ఆ వివరాలు కంపెనీవి, డ్రైవర్లకు ఇచ్చేవి కావన్నాడు. తాళాలు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బయటికొస్తుంటే రూపేష్ వెనకాలే వచ్చాడు. "నాయన అడిగినాడు మామా, చూపించినాను. బండి యాడ ఆగిందో చెప్పేదే కదా నా పని," అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. వాణ్ణి తిట్టలేకపోయాను, ఓదార్చనూ లేదు.

ఇప్పుడు చిత్తూరు మండీకి మామిడికాయలు తోలే పాత లారీ నడుపుతున్నాను. అందులో ఏ డబ్బా లేదని లారీ ఓనరు చెప్పాడు. అయినా రోజూ పొద్దున సీటు కిందా, స్టీరింగు కిందా చేయి పెట్టి తడుముకుంటాను. పక్కవాళ్లు నవ్వుతారు.

పోయిన శుక్రవారం మండీ గేటు దగ్గర తిరుమలయ్య ఎదురొచ్చాడు. గొడవ పడతాడనుకున్నాను. నవ్వుతూ వచ్చి లారీ తలుపు మీద చేయి వేశాడు.

"బావా, బాగుండావా? పాపకు ఐదేండ్లు వస్తాయి కదా ఈసారి. బళ్లో ఎయ్యాలేమో," అన్నాడు.

ఆయన తలుపు మీద రెండుసార్లు తట్టి పక్కకు తొలిగాడు. బడిలో వేస్తే అక్కడ పేరు రాస్తారు, తండ్రి పేరు రాస్తారు, ఊరు రాస్తారు. ఆ రాతలు ఎవరు అడిగితే ఎవరు చూపిస్తారో నాకు తెలియదు. ఇంటికొచ్చి మీ అమ్మతో చెప్పాను. ఇద్దరం కూర్చుని ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాం. దీని మీద మన ఊరి ముద్ర పడకుండా పెంచలయ్య బస్సులో వేలూరు తీసుకుపోయి అక్కడ పోస్టు డబ్బాలో వేస్తాడు.

నీ ఉత్తరంలో చిరునామా ఉన్న ముక్కను మీ అమ్మ పొయ్యిలో వేసింది. ఈ కవరు మీద ఆ చిరునామా రాయడం అయ్యాకే వేసింది. అయినా నాకు కంఠతా వచ్చేసింది, మరిచిపోదామంటే పోవడం లేదు. అందుకని ఇంకొక్కసారి ఇల్లు మారండమ్మా. ఊరే మారితే ఇంకా మంచిది. ఈసారి ఎక్కడికి పోయారో నాకు రాయొద్దు, మీ అమ్మకూ వద్దు. నాకు తెలియనిది నా దగ్గర నుంచి ఎవరూ లాగలేరు. నా కాళ్లు కూడా అటు రాలేవు.

పాపను బడిలో వేయకుండా ఉండొద్దు. వెయ్యి. కాకపోతే ముందు దానికి ఒకటి నేర్పు. దారిలో పోయేవాళ్లు నవ్వుతూ పలకరించి పేరడిగితే చెప్పకూడదని నేర్పు. తాత ఎవరని అడిగితే, తాత లేడని చెప్పమను. దానికి నోట్లో మాట ఆగదు, నాకు తెలుసు. కోప్పడకుండా, రోజూ కొంచెం కొంచెం చెబుతూ, ఎట్లాగైనా నేర్పించు తల్లీ.

ఇట్లు,
నీ నాయన
మునస్వామి