బీరు బుట్ట నేనే అల్లుతా

మార్చి 3, సోమవారం. ఉ. 6:30
నిశ్చయించుకున్నాను. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన చేతులివి, బుట్ట అల్లలేవా! నిన్న మా అన్నయ్య భేకుముజి ఇంట్లో అందరి ముందూ అనేశాను: "29న నాన్న పేర పెద్దలకు పెట్టే బీరు నేనల్లిన ఉఖాంబా బుట్టలోనే తెస్తా. గడ్డి చుట్టడమేగా, అందులో ఏముంది?"
మా ఆవిడ బలుంగిలే అక్కడే ఉంది. మా జులూ ఊరు హ్లాబీసాలో ఆడవాళ్ళకి బుట్టలల్లడం నేర్పేది ఆవిడే.
కావలసినవి: ఇలాలా తాటాకు, గడ్డి, దబ్బనం, ఓపిక (ఉంది).

మార్చి 5. ఉ. 9:00
ఆకుకి నల్లరంగు వెయ్యాలని వేర్లు ఉడకబెట్టాను. బూడిద రంగొచ్చింది. బూడిద కూడా రంగే.
అది కూర వండే కుండట.

మార్చి 9, ఆదివారం
అడుగు పూర్తి! పైన రెండు త్రికోణాలు, మొన మొన తగిలేలా. పెళ్ళయిన మగాడి గుర్తు.
బలుంగిలే తల వంచి చూసింది. "ఇదేంటండీ, ఖెతీవే వాళ్ళ నాన్నా?"
"పెళ్ళయిన మగాడు."
"పాపం. ఏ బస్సు కింద పడ్డాడు?"

మార్చి 14
దబ్బనం వేలికి గుచ్చుకుంది. సెలవు.

మార్చి 15
వాన. ఆకు తడిగా ఉంటేనే అల్లడం సులువు. అయినా సెలవు.

మార్చి 16
ఫుట్‌బాల్. రేపట్నించి రోజుకి పది వరసలు!

మార్చి 22. మ. 12:10
నీళ్ళు పోసి చూశాను. తడికి అల్లిక ఉబ్బి సందులు మూసుకోవాలి. ఉబ్బింది. నీళ్ళు మాత్రం నా కాళ్ళ మీదున్నాయి. కోళ్ళొచ్చి తాగాయి.
నాన్న బుట్టలు చుక్క కారేవి కావు. అప్పట్లో మగవాళ్ళూ అల్లేవారు. "కూర్చోరా, నేర్పిస్తా" అంటే స్టీరింగ్ పట్టుకుంటానని పారిపోయాను. ఇప్పుడు ఆయనకి కారే బుట్టలో ఎలా పెట్టను?

మార్చి 27
హ్లుహ్లువే రోడ్డు మీది దుకాణంలో ఒకటి కొనేశాను. నేనల్లినట్టు కనిపించాలని కాస్త మట్టి పూశాను.

మార్చి 28. సా. 4:00
ఆవిడకి చూపించాను. తిప్పి చూసింది. అడుగున వేలు పెట్టి తడిమింది.
"బాగుంది. ఎన్నాళ్ళు పట్టింది?"
"ఇరవై అయిదు రోజులు."
"నాకు రెండు నెలలు పట్టింది. ఇక్కడికొచ్చేసరికి మనమ్మాయి ఖెతీవేకి పురిటి నొప్పులని కబురొస్తే వదిలేసి పరిగెత్తా. ఈ వరస వంకర అందుకే."
మట్టి తుడవబోయాను.
"మట్టెందుకు పూశారు?"

మార్చి 29
నాన్న కోసం గుడిసె లోపల వెనక, పెద్దలుండే చోట బీరు పెట్టేటప్పుడు గట్టిగానే చెప్పాను: "నాన్నా, ఇది నీ కోడలు అల్లింది. నాది కారింది."
అన్నయ్య నవ్వాడు. "గడ్డి చుట్టడమేగా అన్నావు?"
"తప్పన్నాను."
బలుంగిలే నాకు బీరు అందించింది. నా వైపు చూడలేదు కానీ నిండుగా పోసింది.

మార్చి 31, సోమవారం. ఉ. 9:00
మళ్ళీ మొదలు. ఈసారి బలుంగిలే తరగతిలో. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, నేను. నా దబ్బనం ఆవిడ లాగేసుకుంది.
"నెలంతా ఆకు చీల్చడమే. తిన్నగా వచ్చాకే అల్లిక."
నెలెందుకు, వారం చాలు!

ఉ. 10:40
యాభై ఆకులు చీల్చాను. నలభై తొమ్మిది మేకకి వెళ్ళాయి. ఒక్కదాన్ని ఆవిడ వెలుతురుకి పెట్టి చూసి, తన కట్టలో కలుపుకుంది.