మంగ చచ్చిందని ఎవరన్నారు?

సుశీలా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. ఖాజాగూడలో మన పైవాటా ఆఫీసు పిల్లలు ఎప్పటిలాగే పాచికలు వేసి, తలా ఒక పాత్రగా కథలాట పెట్టారు. వాళ్ల అల్లం టీ ఇప్పటికీ దగ్గుమందే, అది వేరే సంగతి. కథ నడిపే స్వప్న మెల్లగా అడిగింది: "తాతా, అమ్మమ్మ ఆడిన మంత్రగత్తె మంగ ఇగ సచ్చిపోయిందని రాద్దమా? పరేషాన్ గాకు, మంచిగ సాగనంపుదం."

"రూపాలు మార్చే మనిషి చచ్చిందని ఎవరు గుర్తుపట్టారమ్మా? శవం చూపించు," అన్నాను.

మంగ పాత్ర నేనే తీసుకున్నాను. మంగ వేసే రూపం మార్చే మంత్రం ముఖాన్ని మారుస్తుంది గానీ మాటను మార్చదు కదా. నువ్వు రాజు రూపంలో వెళ్లి, కావలివాడితో "కాస్త తప్పుకోండి బాబూ" అని ప్రతిసారీ దొరికిపోయేదానివి. రాజులు అలా బతిమాలరని ఎన్నిసార్లు పోట్లాడాను!

నిన్న నేనూ రాజు రూపంలో కోట గుమ్మం ముందు నిలబడ్డాను. కావాలనే, నీలాగే అన్నాను: "కాస్త తప్పుకోండి బాబూ."

బల్ల చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. స్వప్న బల్ల చరిచి అరిచింది: "ఇగో, మంగ మల్ల దొరికింది! జైల్ల వేస్తున్న!"

వెయ్యనీ. జైల్లో ఉన్న మనిషిని చచ్చిపోయిందని ఎలా రాస్తారో నేనూ చూస్తాను.