ఫోటో చుట్టూ నల్లగీత

బేతంచెర్ల,
12-6-1955

చిరంజీవి వాసుదేవుకు అవ్వ దీవెనలు.

మన ఊళ్ళవాళ్ళు వార్త చదువుతారే గానీ పేజీ అందం ఎవరూ చూడరని కిందటి ఉత్తరంలో రాశావు. అది తప్పు. అందం అందరూ చూశారు. వార్తే ఎవరూ చదవలేదు.

ఆత్మకూరు బట్టల వ్యాపారి వెంకటరమణయ్య వర్తక సంఘానికి అధ్యక్షుడయ్యాడని రాసి, ఆయన ఫోటో చుట్టూ వేలెడు మందాన నల్లగీత వేశావు. ఇక్కడ ఆయన చెల్లెలు పుల్లమ్మ అది చూడగానే బావి దగ్గర కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకుంది. అక్కడ పరామర్శకు పోయినవాళ్ళకు ఆయనే తలుపు తీశాడట. "నేను యాడికీ పోలేదప్పా, ఈడనే ఉండా" అని చెప్పీ చెప్పీ గొంతు పోయిందట.

ఆయన క్షమించకపోతే ఉద్యోగం ఉండదని మీ యజమాని అన్నాడనీ, ఇక గీతల జోలికి పోననీ రాశావు. రెండోది నేను నమ్మను. పలక మీద అక్షరం దిద్దమంటే, చుట్టూ అంచు గీసి అక్షరం మరిచినవాడివి. పదేళ్ళు పత్రికలో పనిచేసినా అదే పిచ్చి. మానుకోవద్దు. చూసేవాళ్ళకు ఆ గీత ఏమి చెబుతుందో ఆలోచించి గీయి.

పుల్లమ్మతో మాట్లాడాను. "మీ మనమడు మా అన్నను సంపినాక అధ్యక్షున్ని చేసినాడమ్మా" అని కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వింది. "మా అన్నకు కోపం కొంచెం తగ్గిండాది, వచ్చి కనపడమనండి" అంది.

ఆదివారం ఆత్మకూరు పో. ఆ వార్తను ఎర్ర అంచుతో ఒక్క కాగితం అచ్చు వేయించి, నాలుగు మూలలా పసుపు రాసి ఆయన చేతికివ్వు. పండ్లు కొను. పూలదండ మాత్రం కొనవద్దు.