జల్లెడ బోర్లించిన పిల్ల

అక్కా,

నీ కూతురు క్షేమం. ఎండకి ముక్కు మీద తోలు ఊడింది, అంతే. కార్డు మీద రాస్తే పోస్టుమాన్ చదువుతాడంటావు. చదవనీ, నలుగురికీ తెలియాల్సిన సంగతే!

నిన్న రంగురాళ్ళు ఏరేవాళ్ళతో కలిసి ఇద్దరం వాగుకి వెళ్ళాం. గుంపుకి పెద్ద ఒక రిటైరైన లెక్కల మాస్టారు. పిల్ల చేతిలో గునపం లాక్కుని, "ఆడపిల్లవి, తవ్వకం నీకెందుకమ్మా? నీడలో కూర్చుని మేం పారేసింది కడుగు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోట్లాటకి దిగబోతే అదే నా చెయ్యి పట్టుకుని, "ఊరుకో మామయ్యా, కడగనీ" అంది. మగవాళ్ళం మెరిసేవన్నీ ఏరుకుని, మట్టి రాళ్ళు దాని ముందు పోశాం. అది జల్లెడని నీళ్ళలో గుండ్రంగా ఆడించి, గబుక్కున గోనెపట్టా మీద బోర్లించింది. బరువైనవి అడుగున మధ్యకి చేరతాయట. కుప్ప నడినెత్తిన పదకొండు ఎర్ర గార్నెట్ రాళ్ళు, దానిమ్మ గింజల్లా! వాటిలో అన్నిటికన్నా పెద్దది నేను పారేసిందే. సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే నేనే! మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇంకోసారి తిప్పమ్మా" అన్నాడు. "ఇప్పుడు మీరు కడగండి, నేను తవ్వుతాను" అంది.

నీ మోకాలు ఎలా ఉంది? వంటింటి కుళాయి బాగుచేయించారా? పిల్ల భూగర్భశాస్త్రం చదువు దరఖాస్తు మీద బావ సంతకం శుక్రవారంలోగా పడాలి. కొండలెంట తిరిగే చదువు ఆడపిల్లకెందుకన్న బావ మాట ఇక నా దగ్గర చెల్లదు.

నీకు నమస్కారం. బావకి సంతకం పెట్టాక.

నీ తమ్ముడు